పద్నాలుగో ప్రశ్న

ఇరవై రెండేళ్లు టీకాలు వేసిన చెయ్యి,
పెన్ను పడితే
మొదటి సెమిస్టరంతా వణికింది.

క్లాసులో నా పక్కన
నిన్నగాక మొన్న పళ్ల డాక్టరైన పిల్ల.
తెరమీద పేజీ మారేలోపే టకటకా కొట్టేసుకునేది.
నేనేమో టీకాల రిజిస్టరులో రాసినట్టే
మార్జిను గీసి, తేదీ వేసి,
'సముదాయం' అన్న మాట కింద
రెండు గీతలు పెట్టుకునేదాన్ని.
ఎవరా సముదాయం అని అడగబోయి ఆగిపోయేదాన్ని.
నాకు తెలిసినవాళ్లందరికీ పేర్లున్నాయి.

ఈ వయసులో పీజీ ఎందుకు వదినా, అంది మా ఆడబిడ్డ.
ప్రమోషన్ కోసం అన్నాను.
అబద్ధం కాదు.
కాని ప్రతి ఆషాఢం
అవే గడపలకు అవే ఓఆర్ఎస్ పొట్లాలు
ఎందుకు మోస్తున్నానో
ఏ పుస్తకంలోనైనా రాసి ఉంటుందేమోనని కూడా.

పరిశోధనకు బోరబండ గుట్ట నేనే కోరుకున్నాను.
అరవై ఇళ్లు, ఇరవై ఒక్క ప్రశ్నలు.
పద్నాలుగోది:
నీళ్లు కాచి చల్లార్చి తాగుతారా?
అవునంటే ఒకటి, కాదంటే రెండు.
రెండు పడిన చోటల్లా
'అవగాహన లేదు' అని చదువుకోవాలి.

నలభై మూడో ఇల్లు శాయమ్మది.
మక్తల్ దిక్కునుంచి సెంట్రింగు పనికొచ్చిన మనిషి.
నా కాగితం వైపు చూడలేదు,
నా చెప్పుల వైపు చూసింది.
"కాసుడా సిస్టరమ్మా?
నల్లా వచ్చేదే రెండొద్దులకోసారి,
అదీ రాత్రి రెండుగొట్టంగ.
నీళ్లు గుట్టెక్కయి, మేమే ఎక్కిస్తం.
నూటపది మెట్లు.
సిలిండరేమో నెలంతా రావాలె.
బువ్వ వండాల్నా నీళ్లు కాయాల్నా
నువ్వే రాయి ఆ కాయితంల."

రాయడానికి గడి లేదు.
రెండు వేసి
థాంక్స్ చెప్పి లేచాను.

నాంపల్లి వెళ్లే ఎమ్మెంటీఎస్‌లో
ఒళ్లో కాగితాలు పెట్టుకుని లెక్కపెట్టాను.
యాభై ఒక్క ఇళ్లకు రెండు. తొమ్మిదిళ్లకు ఒకటి.
భరత్‌నగర్ దాటాక
ఊరికే, తోచక,
ఆ తొమ్మిదిళ్లనీ పటం మీద చుక్కలు పెట్టి చూశాను.
అన్నీ గుట్ట కిందే,
రోడ్డు పక్కనే, పైపు పక్కనే.
తొమ్మిది చుక్కల్లో ఒక్కటీ
ఒక్క మెట్టయినా ఎక్కలేదు.
బేగంపేటలో ఎవరో తోసుకుంటూ దిగారు.
కాగితాలు గట్టిగా పట్టుకున్నాను.

బుధవారం రాత్రి రెండింటికి వెళ్లాను.
చెప్పి వెళ్లలేదు.
బిందె నాకివ్వు అంటే శాయమ్మ ఇవ్వలేదు,
కాసేపాగి చిన్నదిచ్చింది.
డెబ్బయ్యో మెట్టు దగ్గర మోకాలు మడతపడింది,
సగం నీళ్లు నా చీర తాగింది.
చీకట్లో వెనక నుంచి ఆడవాళ్ల నవ్వు.
"మిగిలింది కాసుకో సిస్టరమ్మా!"

మా గైడు ఇఫ్ఫత్ మేడమ్
పటాన్ని చాలాసేపు చూశారు.
కమిటీ ఆమోదించిన ప్రశ్న ఇప్పుడు మార్చలేమమ్మా అన్నారు,
అనుబంధంలో పెట్టు.
పెట్టాను. తొంభై ఏడో పేజీ.
వైవాలో పెద్దాయన అంతదూరం తిప్పలేదు.
పాసయ్యాను.

శాయమ్మకు మిఠాయి డబ్బా పట్టుకెళ్తే
ఒకటి నోట్లో వేసుకుని అడిగింది,
"అయితే ఇగ మోటరు పెట్టిస్తవా?"

జలమండలి ఆఫీసులో అర్జీ ఇచ్చాం,
యాభై ఒక్క వేలిముద్రలు, సంతకాలు.
రసీదు ఇచ్చారు.
అది నా పట్టాతోపాటు ఒకే కవరులో ఉంది.

మళ్లీ ఆషాఢం.
సంచిలో పొట్లాలు సర్దుకున్నాను.
రిజిస్టరులో ఈసారి ఒక గడి ఎక్కువ:
మీ ఇంటికి ఎన్ని మెట్లు?
స్కేలు దొరక్క చేత్తోనే గీశాను.
కొంచెం వంకరగా వచ్చింది.